తోలు దుకాణం నుండి గుంటూరు దాకా: ఫాదర్ హయ్యర్ గారి జీవితం



మన మరిపెడ వైపు "ఫాదర్" అంటే ఆర్.సీ.ఎం. గుడిలో ఉండే గురువు గారు. మన ప్రొటెస్టెంట్ సంఘాలలో సేవకుణ్ణి పాస్టరు గారు అంటాం, అయ్యగారు అంటాం. ఫాదర్ అని మాత్రం పిలవం. అయితే గుంటూరు, పల్నాడు, రాజమండ్రి ప్రాంతాల లూథరన్ విశ్వాసులు జూలై 31 వచ్చిందంటే ఒక ప్రొటెస్టెంట్ సేవకుణ్ణి తలచుకుంటారు. ఆయన్ని వాళ్ళు "ఫాదర్ హయ్యర్" అనే పిలుస్తారు. ఆయన పెండ్లి చేసుకున్నవాడు, పిల్లలు గలవాడు. తోలు పనివాని కొడుకు, తానూ ఆ పని నేర్చినవాడు. పుట్టిన దేశం విడిచి పరదేశంలో బ్రతికినవాడు.

మన వైపు డోర్నకల్ అజరయ్య బిషప్పు గారి పేరు అందరికీ తెలుసు. హయ్యర్ గారి పేరు తెలిసినవారు తక్కువ. తెలిసినవారు కూడా "అమెరికా మిషనరీ" అని ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆ మాట కింద ఆయన చేతిపని, ఆయన ఇల్లు రెండూ మరుగున పడిపోయాయి. ఈ రోజు ఆ రెండింటి వెంబడి ఆయన చరిత్ర చూద్దాం.

తండ్రి పని

ఆయన పూర్తి పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. 1793 జూలై 10న ఉత్తర జర్మనీలోని హెల్మ్‌స్టెడ్ట్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. అదే సంవత్సరం నవంబరులో విలియం కేరీ గారు కలకత్తా రేవులో దిగారు. ఆయనా ఇంగ్లండులో చెప్పులు కుట్టిన మనిషే.

హయ్యర్ గారి తండ్రి బొచ్చు తోళ్ళ పనివాడు. చలి దేశాలలో జంతువుల తోళ్ళను బొచ్చుతో సహా పదును చేసి కోట్లు, మెడపట్టీలు, టోపీలు కుడతారు. మన పెద్దలు చేసిన తోలు పనికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన దగ్గర తోలును సున్నంలో నానబెట్టి వెంట్రుక రాల్చేస్తారు, ఆ తరువాత తంగేడు చెక్కతో లందలో ఊరబెడతారు. అక్కడ వెంట్రుక ఒక్కటీ ఊడకూడదు. లోపలి వైపు మాంసం, కొవ్వు గీకాలి, తోలు కుళ్ళకుండా చూడాలి, మెత్తగా అయ్యేదాకా నలపాలి. తరువాత రంగుకు రంగు, వాలుకు వాలు కలిసేటట్టు ముక్కలు కోసి, కుట్టు పైకి కనబడకుండా కుట్టాలి. తొందరపడే మనిషి ఆ పనికి పనికిరాడు.

ఆ దేశంలో ఈ పని గౌరవమైన పని. పనివాళ్ళకు తమ తమ సంఘాలు ఉండేవి. హయ్యర్ గారి తండ్రి ఊరి మధ్యన కలిగిన కుటుంబీకుడిగానే బ్రతికాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, గుంటూరు చేరాక మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

పద్నాలుగేండ్లకు పరదేశం

1806లో నెపోలియన్ సైన్యం జర్మన్ రాజ్యాల మీద పడింది. హెల్మ్‌స్టెడ్ట్ ఉన్న బ్రన్స్‌విక్ సంస్థానం ఫ్రెంచివారి చేతిలోకి పోయింది. 1807లో ఆ నేలను వెస్ట్‌ఫాలియా అనే కొత్త రాజ్యంలో కలిపి, నెపోలియన్ తన తమ్ముడు జెరోమును రాజుగా కూర్చోబెట్టాడు. అప్పటినుండి ఎదిగిన మగపిల్లవాడు ఇంట్లో ఉంటే తల్లిదండ్రులకు నిద్ర పట్టని రోజులు. ఏనాడు పిలుపు వచ్చి, ఎవరి యుద్ధంలోనో చావడానికి పంపుతారో తెలియదు.

ఆ 1807లోనే హయ్యర్ గారికి సంఘంలో నిర్ధారణ జరిగింది. వయస్సు పద్నాలుగు. తల్లిదండ్రులు ఆయన్ని ఓడ ఎక్కించి అమెరికాలోని ఫిలడెల్ఫియాకు, మేనమామ దగ్గరికి పంపేశారు. బ్రతకాలని దుబాయికో మస్కట్‌కో కొడుకును సాగనంపి, రోడ్డు మీద బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడే తల్లులు మన మండలంలో ఎంతోమంది ఉన్నారు. ఆ తల్లి మనసు ఎట్లా ఉండి ఉంటుందో వారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజులలో ఫోనులు లేవు. ఒక ఉత్తరం సముద్రం దాటడానికి వారాలు పట్టేది.

మేనమామదీ ఇదే వృత్తి. బొచ్చు తోళ్ళు, టోపీలు ఆయన వ్యాపారం. బీవరు అనే నీటి జంతువు బొచ్చుతో చేసిన టోపీలకు ఆ కాలంలో ఐరోపాలోనూ అమెరికాలోనూ గొప్ప గిరాకీ ఉండేది. ఆ దుకాణంలో కుర్రవాడు పని నేర్చుకున్నాడు. తెలియని భాష, తెలియని ఊరు, చేతిలో తెలిసిన పని. వలస పోయినవానికి మొదట అన్నం పెట్టేది చేతిలోని పనే.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు కనబడతారు. చక్రవర్తి ఆజ్ఞ వలన రోమా విడిచి కొరింథుకు వచ్చినవారు, డేరాలు కుట్టి బ్రతికేవారు. పౌలు గారు వారి ఇంట దిగి, వారితో కలిసి పని చేశారు. సంఘ చరిత్రలో వలసవచ్చిన పనివాళ్ళ ఇల్లు మొదటినుండీ ఉంది. హయ్యర్ గారి కథ ఆ వరుసలోనిదే.

ఫిలడెల్ఫియాలో జర్మన్ భాషలో ఆరాధన జరిగే లూథరన్ సంఘం ఉంది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లవానికి అదే ఇల్లు అయ్యింది. అక్కడే సేవకు పిలుపు తెలిసింది. సంఘపు బడిలో పిల్లలకు చదువు చెప్పుకుంటూ, ఆ సంఘ కాపరుల దగ్గర వేదాంతం నేర్చుకున్నారు. 1815లో నెపోలియన్ ఓడిపోయాక జర్మనీకి వెళ్ళి గాటింగెన్ విశ్వవిద్యాలయంలో చదివి, మరుసటి సంవత్సరం తిరిగి వచ్చారు. 1817లో బోధించడానికి అనుమతి, 1820లో గురుపట్టాభిషేకం దొరికాయి. దుకాణంలో నేర్చిన పని పక్కకు పోయింది. ఆ పని నేర్పిన ఓపిక మాత్రం చివరిదాకా ఆయనను విడువలేదు.

మేరీ అమ్మగారి ఇరవై ఏండ్లు

1819లో హయ్యర్ గారు మేరీ వెబ్ గాష్ అనే ఆమెను పెండ్లి చేసుకున్నారు. ఆమె విధవరాలు, అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. మన దేశంలో కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అంటే ఇంకా అరవై ఏండ్ల తరువాతి మాట. అమెరికాలో అటువంటి పెండ్లికి అడ్డు లేదు. అయినా ఇరవై ఐదేండ్ల పేద సేవకుడు మొదటి రోజునే ఇద్దరు పిల్లలకు తండ్రి కావడం చిన్న బాధ్యత కాదు. తరువాత వారికీ పిల్లలు కలిగారు.

ఆ కాలపు పరిచర్య అంటే గుర్రం మీద బ్రతుకు. పెన్సిల్వేనియా పడమటి కొండల్లో జర్మన్ రైతులు అడవులు కొట్టుకుని అక్కడక్కడ కాపురాలు పెట్టారు. ఒక ఇంటికీ మరో ఇంటికీ మైళ్ళ దూరం. పిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవారు లేరు, చనిపోయినవారికి ప్రార్థన చేసేవారు లేరు. హయ్యర్ గారు మేరీలాండులోని కంబర్లాండ్‌లోను, పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్‌లోను కాపరిగా ఉంటూ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగారు. ఆదివార బడుల కోసం ఊరూరా వెళ్ళారు. 1830ల్లో ఇండియానా, ఇల్లినాయ్, మిస్సౌరీ దాకా పోయి, చెదిరిపోయిన కుటుంబాలను వెదకి సంఘాలుగా చేర్చారు. ఒక్కో ప్రయాణం నెలలు పట్టేది.

ఆయన గుర్రం ఎక్కి వెళ్ళిన ప్రతిసారీ ఇంట్లో ఎవరున్నారు? మేరీ అమ్మగారు ఉన్నారు. పొయ్యిలో కట్టె, పిల్లల జ్వరాలు, చాలీచాలని జీతం, అయ్యగారి కోసం వచ్చి ఆయన లేరని తిరిగిపోయే మనుషులు. ఇవన్నీ ఎవరి చరిత్రలోనూ పేజీలుగా రాలేదు. హయ్యర్ గారు స్థాపించిన సంఘాల లెక్క పుస్తకాలకెక్కింది. మేరీ గారి పేరు రెండు వాక్యాలలో అయిపోతుంది: పెండ్లి జరిగిన సంవత్సరం, చనిపోయిన సంవత్సరం. ఆమె 1839లో ప్రభువు దగ్గరికి వెళ్ళారు.

గ్రామాలలో సేవచేసే మన కాపరుల ఇండ్లు తలచుకోండి. మైకు పట్టుకునేది అయ్యగారు. ప్రార్థన కోసం రాత్రి పది గంటలకు తలుపు తట్టినవారికి అన్నం వడ్డించేది అమ్మగారు. హయ్యర్ గారి చరిత్ర నిజంగా చెప్పాలంటే ఈ ఇరవై ఏండ్ల కాపురాన్ని దాటేసి గుంటూరుకు పోకూడదు. ఆ ఇల్లు నిలబడినందుకే ఆ పరిచర్య నిలబడింది.

నలభై ఎనిమిదేండ్లకు ఓడ ప్రయాణం

భార్య పోయిన కొద్ది కాలానికే భారతదేశానికి వెళ్ళే పిలుపు హయ్యర్ గారి ముందుకు వచ్చింది. పంపే సొసైటీ మరో సంస్థ కింద పనిచేయాలా, స్వతంత్రంగా లూథరన్ సంఘం తరపున పనిచేయాలా అనే విషయంలో అభిప్రాయభేదం వచ్చింది. ఆయన మొదటి నియామకాన్ని వదులుకున్నారు. తరువాత పెన్సిల్వేనియా లూథరన్ సంఘ సభ ఆయనను పంపడానికి ముందుకు వచ్చింది. 1841 అక్టోబరులో బోస్టన్ రేవులో "బ్రెండా" అనే ఓడ ఎక్కారు. అమెరికా లూథరన్ సంఘం భారతదేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయనే.

అప్పటికి ఆయనకు నలభై ఎనిమిది. మన ఊళ్ళో ఆ వయస్సుకు "ఇక పిల్లల పెండ్లిళ్ళు చూసుకుంటే చాలు" అంటాం. తల్లి లేని పిల్లలను విడిచి సముద్రం దాటడం సరైనదేనా అని అడిగేవారు ఈనాడూ ఉంటారు. ఆ ప్రశ్న తప్పు కాదు. ఒకటి మాత్రం చరిత్రలో స్పష్టంగా ఉంది. మేరీ గారు బ్రతికున్న ఇరవై ఏండ్లూ ఆయన సముద్రం దాటలేదు. భార్యను, చంటిపిల్లలను వదిలేసి "దేవుడు పిలిచాడు" అని వెళ్ళిపోలేదు.

ఊరి చివర మనుషులు

సింహళం, తంజావూరు, మద్రాసు, నెల్లూరు మీదుగా వచ్చి 1842 జూలై 31న హయ్యర్ గారు గుంటూరులో అడుగుపెట్టారు. ఆ సీమ అప్పటికి పదేండ్ల కింద నందన కరువుతో చితికిపోయింది. డొక్కల కరువు అని జనం చెప్పుకునేది దానినే. 1832, 1833లో గుంటూరు సీమలో లక్షల మంది ఆకలికి చచ్చిపోయారు. మిగిలినవారి ఇండ్లలో ఇంకా ఆ భయం పోలేదు. జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్స్ గారు భక్తిపరుడు. ఆయన హయ్యర్ గారిని ఆదరించి, పని మొదలుపెట్టడానికి అన్ని విధాలా సహాయం చేశారు. హయ్యర్ గారు బడులు పెట్టారు. ఆడపిల్లలకు కూడా చదువు చెప్పించారు. నలభై తొమ్మిదేండ్ల వయస్సులో ఒత్తులు, గుణింతాలు దిద్దుకుంటూ తెలుగు నేర్చుకున్నారు.

ఇప్పుడు తండ్రి పని సంగతికి వద్దాం. హెల్మ్‌స్టెడ్ట్‌లో తోలు ముట్టినవాడు ఊరి మధ్యలో గౌరవంగా బ్రతికాడు. గుంటూరు సీమలో తోలు ముట్టినవాని ఇల్లు ఊరవతల ఉంది. ఆ చేతులు చేసిన మోట తొండంతోనే రైతు చేనికి నీళ్ళు పారాయి, ఆ చేతులు కుట్టిన చెప్పులతోనే ఊరు నడిచింది, ఆ చేతులు బిగించిన డప్పుతోనే పెండ్లీ చావూ జరిగాయి. ఆ చేయి మాత్రం బావి గిలక ముట్టకూడదు. రెండు చోట్లా పని దాదాపు ఒక్కటే. గీకడం, నానబెట్టడం, కోయడం, కుట్టడం. ఒక దేశంలో అది వృత్తి, మరో దేశంలో మైల. మైల తోలులోనే ఉంటే రెండు చోట్లా ఉండాలి కదా! కాబట్టి అది తోలులో లేదు, చూసే మనిషి కంటిలో ఉంది. తోలు పనివాని కొడుకు బోధకుడై మన నేల మీద నిలబడటమే దానికి సాక్ష్యం.

అనారోగ్యం వలన హయ్యర్ గారు 1845 ప్రాంతంలో అమెరికాకు తిరిగి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ ఊరకే కూర్చోలేదు. బాల్టిమోరులో సంఘం నడుపుతూనే వైద్యం చదివి, 1847లో యాభై నాలుగేండ్ల వయస్సులో డాక్టరు పట్టా తీసుకున్నారు. గుంటూరులో మందు లేక చచ్చేవారిని కళ్ళారా చూసిన మనిషి ఆయన. రెండోసారి ఆయన ఆ విద్యతో వచ్చారు.

1849లో పల్నాటిలోని గురజాలకు మకాం మార్చారు. పల్నాడు పేరు చెబితే మనకు బ్రహ్మనాయుడు, చాపకూడు గుర్తుకు వస్తాయి. అన్ని కులాలను ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన కథ ఆ నేలది. మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్న కథా ఆ నేలదే. అయినా శతాబ్దాల తరువాత హయ్యర్ గారు వెళ్ళేసరికి వాడలు ఊరవతలే ఉన్నాయి. ఆ ఎండల్లో, ఆ జ్వరాల మధ్య ఆయన ఊరూరా తిరిగి మందు ఇచ్చారు, వాక్యం చెప్పారు. అక్కడ సంఘంలో చేరినవారు ఎక్కువమంది ఆ వాడలవారే. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి పంచుకోవడం వారికి ఎంత పెద్ద మాటో మనకు వివరించనక్కరలేదు. మన తాతముత్తాతలకూ అది అంతే పెద్ద మాట.

సంచి సర్దుకున్న ముసలాయన

1857లో అరవై నాలుగేండ్ల వయస్సులో తిరిగి అమెరికా చేరారు. విశ్రాంతి తీసుకోవచ్చు. కాని మిన్నెసోటా అనే కొత్త రాష్ట్రంలో వలస వచ్చిన జర్మన్ కుటుంబాలకు కాపరులు లేరని అక్కడికి వెళ్ళారు. 1860లో అక్కడి లూథరన్ సంఘాల సభకు మొదటి అధ్యక్షుడయ్యారు.

ఇంతలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. సంఘాలు చీలిపోయాయి, మిషన్‌కు డబ్బు కరువైంది. 1869 నాటికి రాజమండ్రి సేవను చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించే ఏర్పాటు జరుగుతోంది. అప్పుడు హయ్యర్ గారు జర్మనీలో, తాను పుట్టిన నేల మీద ఉన్నారు. ఆ వార్త విని వెంటనే బయలుదేరి, పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణంలో జరుగుతున్న సంఘ సభకు చేరారు. రాజమండ్రిని విడిచిపెట్టవద్దని వేడుకున్నారు. ఎవరు వెళతారు అనే ప్రశ్నకు జవాబు కూడా ఆయనే ఇచ్చారు. తాను సిద్ధమన్నారు. వయస్సు డెబ్భై ఆరుకు దగ్గర.

అదే సంవత్సరం డిసెంబరులో ఆయన రాజమండ్రిలో ఉన్నారు. తరువాత 1870లో హెచ్.సీ. ష్మిత్ గారు వచ్చి చేరారు. పని ఆయన చేతికి అందించి, 1871లో హయ్యర్ గారు సెలవు తీసుకున్నారు. దుకాణంలో పెద్ద పనివాడు చిన్నవాని చేతికి కత్తెర ఇచ్చి పక్కన నిలబడి చూసినట్టే ఆయన ఈ పనీ అప్పగించారు.

చివరి రోజులలో ఫిలడెల్ఫియా వేదాంత కళాశాలలో విద్యార్థుల మంచిచెడ్డలు చూసే చాప్లెయినుగా ఉన్నారు. పద్నాలుగేండ్ల వయస్సులో ఒంటరిగా దిగిన ఊరు అదే. అక్కడే 1873 నవంబరు 7న, ఎనభై ఏండ్ల వయస్సులో కన్ను మూశారు. ఆయన దేహాన్ని దూరాన ఉన్న సోమర్‌సెట్ కొండల్లోని ఫ్రీడెన్స్ అనే ఊరికి తీసుకుపోయి, మేరీ గారి సమాధి పక్కన ఉంచారు. ముప్పై నాలుగేండ్ల ఎడబాటు తరువాత ఇద్దరూ ఒక్కచోట చేరారు.

ఆయన వేసిన పునాది మీద తరువాతి వారు కట్టారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గారు గుంటూరు వచ్చి స్త్రీల కోసం వైద్యసేవ మొదలుపెట్టారు. ఆ ఆసుపత్రి ఆమె పేరుతో నేటికీ ఉంది. 1885లో మొదలైన కళాశాల ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా ఎదిగింది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది.

మనకు మిగిలేది

ప్రియులారా, మన సంఘాలలో ఒక మౌనం ఉంది. బడిలో "మీ నాన్న ఏం పని చేస్తాడు" అని అడిగితే తల వంచుకునే పిల్లలున్నారు. సెంటరులో చెప్పులు కుట్టి, సాయంత్రం ఆరెను సంచిలో దాచుకుని ప్రార్థనకు వచ్చే తండ్రులున్నారు. తాత లంద దగ్గర పనిచేశాడని చెప్పుకోవడానికి ఉద్యోగం వచ్చిన మనవడు వెనకాడుతున్నాడు. ఆ సిగ్గు వాళ్ళు పుట్టించింది కాదు, ఊరు వాళ్ళ మీద వేసింది. దాన్ని దించుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

యొప్పేలో పేతురు గారు బస చేసింది చర్మకారుడైన సీమోను ఇంట్లో. ఆ ఇల్లు కూడా సముద్రపు దరిని ఉండేది. అన్యజనులకు తలుపు తెరవమనే దర్శనం పేతురు గారికి ఏ గొప్పవారి మేడలోనూ రాలేదు, ఆ తోలు పనివాని మిద్దె మీద వచ్చింది. మన పక్క గోదావరి జిల్లాలలో నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు 1836లో ఇంగ్లండు నుండి వచ్చినవారిలో విలియం బౌడెన్ గారు రాతిపనివాడు, జార్జ్ బీర్ గారు చెప్పులు కుట్టేవాడు. ఇద్దరూ భార్యలతో వచ్చి, ఇక్కడే కాపురముండి సేవ చేశారు. పనిచేసే చేతులూ సంసారం నడిపే ఇండ్లూ లేకుండా తెలుగు సంఘ చరిత్ర లేదు.

కాబట్టి ఈ వారం ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు మీ పిల్లలకు మీ తాత చేసిన పని గురించి చెప్పండి. ఏ పనిముట్టు వాడాడు, ఏ సరుకు ఎట్లా చేశాడు, దాన్ని ఎవరు వాడుకున్నారు, అన్నీ చెప్పండి. ఆ పని పేరు తలెత్తి పలకండి. ఆ కథలో నాయనమ్మ చేసిన పాలు కూడా మరచిపోకుండా చెప్పండి, ఎందుకంటే అది మరెవ్వరూ రాసిపెట్టరు.

ప్రభువు మీ చేతుల పనిని, మీ ఇంటిని ఆశీర్వదించును గాక. ఆమేన్.